కందిలి పడవ సర్వీసు పుస్తకం

పడవకు సర్వీసు పుస్తకమేందని నవ్వకండి.
కొల్లాపురం సబ్‌డివిజను ఆఫీసులో
చెదలు సగం చదివి వదిలేసిన బీరువాలో
నాకే దొరికింది.
అట్ట మీద ఎర్రసిరా: కందిలి పడవ, నంబరు రెండు.
నంబరు ఒకటి ఏమైందో
ఏ కాగితమూ చెప్పదు.

పుట్టిన తేదీ: తెలియదు.
కర్ర: నల్లమద్ది.
పొడవు: పద్దెనిమిది మూరలు.
పుట్టుమచ్చలు: కుడి చెక్కలో గొడ్డలి గాటు,
ముక్కు దగ్గర, మూసిన కన్నులాంటి బుడిపె.
పూర్వానుభవం: రేవులో మనుషుల్ని, మేకల్ని,
ఒకసారి బ్యాండుమేళంతో సహా పెళ్లివాళ్లని
దాటించినది.

డ్యాము తలుపులు దించిన ఏడు
నీళ్లు ఊళ్లోకి నడిచొచ్చాయి.
ఇండ్లు తలొంచుకుని మునిగాయి.
బురుజు ఒక్కటే
మూరెడు లోతున నిటారుగా నిలబడి
వచ్చేపోయే పుట్టీల కడుపులు చీల్చింది.
భూమ్మీదున్నన్నాళ్లు ఎవర్నీ ఏమనని బురుజు.

మూడో పుట్టి పోయినాక ఉత్తర్వు వచ్చింది:
సదరు బురుజుపై ఒక పడవను కట్టివేసి
రాత్రివేళల దీపము చూపవలెను.
అట్లా, ఒడ్లు దాటించిన పడవ
ఎక్కడికీ పోకపోవడమే నౌకరీగా చేరింది.

లంగరుకు ఇనుము మంజూరు కాలేదు.
బెస్త ఊషన్న తాడు నడుముకు చుట్టుకుని
మూడు నిలువుల లోతుకు మునిగి
తన వాకిట్లో పాతిన రోటికే
కట్టి వచ్చాడు.
దీని మీద ఆఫీసు అడిగిన ప్రశ్న ఒక్కటే:
రోలు ఎవరి ఆస్తి?

జీతం నెలకు నూటపది.
కిరసనాయిలు పన్నెండు లీటర్లు.
ఎండాకాలం నీళ్లు జారితే
పడవ బురుజు నెత్తిన కూర్చునేది
గూడు తప్పిన కొంగలాగ.
ఆ మూడు నెలలు జీతం లేదు.
ఊషన్న బురదలో నడుచుకుంటూ వాకిట్లోకెళ్లి
ముడి చూసి వచ్చేవాడు.

ఊషన్నకు రాత రాదు.
రాసింది కూతురు ఈదమ్మ,
ఆరో తరగతి వంకర అక్షరాల్లో:
గాలి. రెండుసార్లు ఆరింది. మూడుసార్లు వెలిగించినం.
లెక్క తప్పు అని పక్కన ఎవరో టిక్కు పెట్టారు.
తప్పు కాదు సార్,
మొదటిసారి వెలిగించింది కూడా కలుపుకోవాలి.

నలభయ్యో పేజీలో:
నాయినకు జరం. దీపం నేను పెట్టిన.
నాయినకు జరం. దీపం నేను పెట్టిన.
ఒక గడి ఖాళీ.
తర్వాతి గడి: గాలి లేదు. దీపం మామూలు.

అక్కడి నుంచి
జీతం పట్టీలో వేలిముద్ర చిన్నదైంది.
పదకొండేళ్లు
రాయడం వచ్చిన మనిషి
వేలిముద్ర వేసింది.

వరద రాత్రి ఒకటుంది ఇందులో.
తాడు తెగి పడవ అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయింది,
దీపం మాత్రం ఆరలేదు.
తప్పిన చోట వెలిగే దీపం
చీకటి కన్నా చెడ్డది.
ఆ రాత్రి దాన్ని నమ్మి ఎవరూ రాలేదు, అదొక్కటే మేలు.
ఊషన్నకు మెమో ఇచ్చారు.
ఊషన్న జవాబు, అప్పటికి కుదురుకున్న చేతిరాతలో:
తాడు సర్కారుది. ముడి మాది.
తెగింది తాడు.

తర్వాత ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది,
ఎండ తాగి తనంతట తానే వెలిగేది.
పడవను వేలమేస్తే ఎవరూ పాడలేదు.
ఎవరికి అప్పగించినది అన్న గడి
ఇప్పటికీ ఖాళీ.
రోటికి మిగిలిన తాడుముక్క సంగతి
అడిగే గడే లేదు.

మంగళవారం ఆడిట్ వాళ్లొస్తారు.
పెద్ద వేలు, చిన్న వేలు పక్కపక్కన పెట్టి
తేడా చూపించడం నా డ్యూటీ.
పొద్దున్నుంచి చూస్తున్నాను.
చిన్న వేలిముద్ర చుట్టూ
సిరా కాని మరక ఒకటి,
ముక్కు ఆనిస్తే ఇంకా కిరసనాయిలు.

రిమార్కుల గడిలో రాశాను:
నలభై నుంచి చివరి వరకు
చెదలు తిన్నవి. చదువ వీలుకాదు.