పీపాలో దాచిన సాయంత్రం

మొగిలి ఘాటెక్కి వచ్చే చలి
పలమనేరులో మా షెడ్డు రేకుల కిందే బస చేస్తుంది.
ధనుర్మాసం తెల్లవారుజామున
స్పానరు పట్టుకుంటే
అదే మనల్ని పట్టుకుంటుంది.
పోయినేడు మా ఆయన గజేంద్రకు
బొటనవేలి గోరు చితికిన సంగతి
నెత్తురు నట్టు మీద పడేదాకా తెలియలేదు.

లెక్కల పుస్తకం నాది.
డీజిలు లీటర్లు, గాస్కెట్లు, అరువులు,
ఎగ్గొట్టినవాళ్ళ పేర్ల కింద ఎర్ర గీత.
మూతపడిన టూరింగు టాకీసు నుంచి
తూకానికి కొన్న జనరేటరూ అందులోనే ఉంది:
నాలుగు వందల ఇరవై కిలోలు,
బండి బాడుగ వేరే.
వెనక వసారాలో దాన్ని దించిననాడు
మా అత్త కుంకుమ పెట్టి
"ఎన్ని సినిమాలు చూసిందో తల్లి" అనింది.

సాయంత్రం ఆరింటికి కరెంటు పోతుంది.
ఎనిమిదిన్నరకు, మనసుంటే, వస్తుంది.
అంతసేపూ అది దగ్గుతూ ఉరుముతూ
ఇంటికి నాలుగు బల్బులు,
షెడ్డుకు ఒక గ్రైండరు.
"లీటరు పోస్తే మూడో వంతే మన పని చేస్తాండాది,
తక్కిందంతా గాలికే"
రేడియేటరు ముందు అరచేతులు కాచుకుంటూ అన్నాడొకరోజు.
నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఇన్నేళ్ళూ నేను రాసిన ప్రతి లీటరులో
రెండు వంతులు అరువు ఎగ్గొట్టి పోయాయన్నమాట!

ఆదివారం దొరికింది.
తారు కడిగిన పీపా,
ఖాజాపీర్ ఇచ్చిన పాత ఏసీ రాగి గొట్టం,
రైసు మిల్లు నుంచి పది బస్తాల ఊక.
పొగ గొట్టాన్ని గోడ దాటించి బయటికి తిప్పాడు,
"ఇది లోపలికొస్తే నిద్రలోనే పోతాం" అని
ప్రతి అతుకుకీ సబ్బు నురగ పూసి
బుడగ కోసం కళ్ళు చిట్లించి చూశాడు.
పీపాను ఇంజను కంటే ఎత్తున నిలబెట్టాడు.
పంపు లేదు, మోటారు లేదు.
కాగిన నీళ్ళు వాటంతటవే ఎక్కాయి,
చల్లారినవి దిగాయి,
సంతనాడు ఘాటు రోడ్డులో
బండ్లు ఒకదాన్నొకటి దాటుకున్నట్టు.
గోనెపట్టాలు నేను కుట్టాను.
మధ్యలో ఊక కూరాం.
పీపా కడుపుతో ఉన్నట్టు కనబడింది.

తెల్లవారి నాలుగింటికి చెయ్యి పెట్టి చూశాను.
జ్వరం దిగుతున్న పిల్లోడి నుదురంత వేడి.
నిన్నటి సాయంత్రం
ఇంకా అందులోనే ఉంది.

ఆ తరవాత
బైరెడ్డిపల్లె పాల వ్యాను వేలాయుధం
టైరులో గాలి బాగున్నా చూడమని ఆగేవాడు.
పీపాకు వీపానించి బీడీ మరిచిపోయేవాడు.
చలికాలం తోడుకోని పెరుగు
మూత మీద పెడితే గడ్డకట్టింది.
గజేంద్ర చేతి వేళ్ళు
మళ్ళీ చిన్న స్క్రూలను నమ్మాయి.

ఇంతలో సబ్‌స్టేషనులో కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు.
ఆరైంది, ఏడైంది,
బల్బు కన్నార్పలేదు.
వీధంతా టీవీల మోత, పిల్లల కేరింత.
మా ఆయన గుమ్మంలో నిలబడి
స్తంభం వైపే చూస్తున్నాడు.
"ఏం చూస్తాండావు?"
"ఏం లేదు."
నాకు తెలుసు ఏం మొక్కుకుంటున్నాడో,
నేనూ అదే మొక్కుకుంటున్నాను కాబట్టి.
ఊరికి వెలుగొస్తే దిగులుపడే ఇల్లు
పలమనేరులో మాదొక్కటే.

డీజిలు గడిలో సున్నా రాశాను.
ఎన్నాళ్ళుగానో రాయాలనుకున్న సున్నా.
పెరుగు తోడుకోలేదు.
వేలాయుధం పీపాను తాకి
చెయ్యి వెనక్కి తీసుకుని
జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

మూడోనాడు ఏడింటికి
అన్ని దీపాలూ వెలుగుతుండగానే
వసారాలో హ్యాండిలు తిరిగిన చప్పుడు.
"కరెంటుంది గదా, అదెందుకు మొత్తుకుంటాండాది?"
లోపలినుంచి మా అత్త.
ఎవరమూ పలకలేదు.

లీటరున్నర, అని రాశాను.
దేనికి అన్న గడి దగ్గర కలం ఆగింది.
వెల్డింగు కాదు, బల్బులు కాదు.
కాసేపటికి
"వేలాయుధం చేతులకు" అని రాసి,
ఎర్ర కలం మూత పెట్టేసి,
పాలు తోడేయడానికి లేచాను.