ఎన్ని గంటలు కావాలి?

ఇజ్మీర్‌లో, కెమెరాల్తీ బజారులో,
గడియారాలు బాగుచేసే కొట్టుకీ
ఆలివ్ సబ్బుల కొట్టుకీ నడుమ
మనిషిన్నర పట్టేంత సందు, మా దుకాణం.
ముఅల్లా గారు ఎవరినీ
ఏ పువ్వు ఇష్టమని అడగరు.
"ఎన్ని గంటలు కావాలి?" అంటారు,
గదులు అద్దెకిచ్చే మనిషిలా.

నేను చేరిన కొత్తలో అన్నీ ఒకటే రంగునీళ్ళు నాకు.
ఆవిడ నాలుగు సీసాలు వరసగా పెట్టి
పిండి కొద్దీ రొట్టె, అన్నారు.

ఇది కొలోన్.
నూటికి నాలుగు పాళ్ళే తైలం,
మిగతా ఆల్కహాలంతా దారిఖర్చు.
దూరాల బస్సెక్కిన ప్రతి దోసిట్లో
కుర్రాడు వంపుకుంటూ పోయేది దీన్నే.
నిమ్మపండు గుప్పున ఎక్కుతుంది,
ఊరి పొలిమేర దాటకముందే దిగిపోతుంది.

తువాలెత్‌లో పది పాళ్ళు.
పొద్దున రాసుకున్న టీచరమ్మతో
మధ్యాహ్నం గంట దాకా నిలబడుతుంది.
పర్ఫ్యూమ్‌లో పదిహేను, పైన ఇంకాస్త.
పెళ్ళి విందు తిని, ఆఖరి పాట దాకా కూర్చుని,
చెప్పులు వెతుక్కునేటప్పుడూ ఉంటుంది.

నాలుగోది ఎక్స్‌త్రే,
సీసా చిటికెన వేలంత, ధర ఇంటద్దెంత.
"అందరూ బోల్తాపడేది ఇక్కడే.
చిక్కనైతే చాలా దూరం పోతుందనుకుంటారు.
ఆల్కహాలు తగ్గిన కొద్దీ రెక్కలు తగ్గుతాయి పిల్లా.
ఇది అరవదు. చర్మం పట్టుకుని కూర్చుంటుంది.
చెవి దాకా వచ్చినవాళ్ళకే చెబుతుంది,
మర్నాడు దిండుకి."

ముక్కుసూటి మనిషి.
అంజూరాల ఎగుమతిదారు నోట్ల కట్ట విప్పి
అన్నిటికన్నా ఖరీదైంది ఇమ్మంటే
మణికట్టు మీద ఒక్క చుక్క వేసి,
వీధి చివర టీ తాగి రమ్మని పంపేశారు.
"కాగితం మీద చూసి కొనకు.
కాగితానికి చెమట పట్టదు."

ఫిబ్రవరిలో, వాన పడుతుండగా, హాజెర్ వచ్చింది.
గల్లాకి దూరంగా, గుమ్మంలోనే ఆగింది.
వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి.
"అన్నిటికన్నా గట్టిది కావాలి."
ఎన్ని గంటలు?
"ఆగకూడదు."

మున్సిపాలిటీలో చనిపోయిన ఆడవాళ్ళకి
ఆఖరి స్నానం చేయిస్తుందట, పదకొండేళ్ళుగా.
కర్పూరం, సబ్బు, మళ్ళీ కర్పూరం.
బస్సులో తన పక్క సీటు ఖాళీగానే ఉంటుందట.

ముఅల్లా గారు లేచి వెళ్ళి
ఆ మణికట్టు అందుకుని వాసన చూశారు,
తర్వాత మోచేయి మడత, తర్వాత జుట్టు.
చాలాసేపు చూశారు.
"సబ్బు. అంతే. కర్పూరం నీ ఒంటి మీద లేదమ్మా,
నీ ముక్కులో ఉంది."

నేను ఎక్స్‌త్రే సీసా అప్పటికే తీసి ఉంచాను.
ఆవిడ దాన్ని వెనక్కి నెట్టి
నిమ్మ కొలోన్, లీటరుది, గల్లా మీద పెట్టారు.
"ఆగకుండా ఉండేదాన్ని
పది నిమిషాల్లో ముక్కు మరిచిపోతుంది.
పోయేదైతేనే మళ్ళీ వస్తుంది.
గంటకోసారి పోసుకో."

"మరి కర్పూరాన్నెందుకు మరిచిపోదు?"
అని అడిగింది హాజెర్.

మూత తిప్పుతూ ఉండిపోయారు ముఅల్లా గారు.
ఇరవై ఆరేళ్ళ దుకాణంలో
ఆ ప్రశ్నకి సీసా లేదు.

డబ్బిచ్చింది. తెచ్చినదాంట్లో చాలా మిగిలింది.
గుమ్మం దాకా వెళ్ళి, ఏమనుకుందో, తిరిగొచ్చింది.
మూత తీసి, సీసా వంచి,
పోయనా అన్నట్టు మా వైపు చూసింది.

మేమే పోస్తాం ఎవరికైనా.
మాకెవరూ ఎప్పుడూ పోయలేదు.
నేను దోసిలి పట్టాను. ముఅల్లా గారూ పట్టారు.
చల్లగా, కారిపోయేంత ధారాళంగా పోసింది,
బస్సులో కుర్రాడికన్నా పొందిగ్గా.

ఆ సాయంత్రం ఆవిడ ఎవరికీ వాసన చూపించలేదు.
వచ్చినవాళ్ళకి నేనే సీసాలందించాను.
ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు.
నాలుగు పాళ్ళు, లెక్క ప్రకారం గంట.
పక్క కొట్టు గడియారాల్లో చూశాను,
ఏ రెండూ ఒకే టైము చెప్పవు గానీ,
గంటన్నర దాటింది.