తడి ఆరేదాకా

దుకాణంలో కుర్రాడు చెప్పాడట:
"నింపుకో, పీల్చు, అంతే."
గెథిన్ పెట్టె తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.
"దీన్నెవరో కడక్కుండా పంపారు, మెన్నా."

నాకేం వాసన రాలేదు.
ముప్ఫై ఎనిమిదేళ్ళు అతని చొక్కాలు ఉతికినదాన్ని,
ఆ వాసన నా ముక్కుకి ఎప్పుడో గాలైపోయింది.
లనెల్లిలో రేకుల మిల్లు, టూల్ రూమ్, మూడో లేత్.
కోత నూనె. పాలలా తెల్లగా కారి,
వేడి ఇనుము మీద చుర్రుమని, గోళ్ళ కింద చేరి
మా పెళ్ళి కేకులో కూడా ఉండే ఉంటుంది.

మిల్లు మూశారు. సిగరెట్టు మూతపడలేదు.
క్లినిక్‌లో నర్సు గొట్టంలో ఊదించి
అంకె చూపించింది: ఇరవై తొమ్మిది.
"మా కొలిమి కన్నా తక్కువే" అన్నాడు.
ఆమె నవ్వలేదు.
నేనూ.

ఇప్పుడు సింకు ముందు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి,
ఒక్కొక్కటే విప్పుతున్నాడు.
బ్యాటరీ నీళ్ళకి దూరంగా, రేడియో పక్కన.
కాయిల్ విడిగా ఒక సాసర్లో:
"దీన్లో దూది ఉంది, దీని జోలికి పోకు."
పోయేదాన్నే అయినట్టు!
గాజు గొట్టం, మూత, పెదవులకి ఆనే ముక్క,
ఐదు రబ్బరు ఉంగరాలు.
గోరువెచ్చని నీళ్ళు. గిన్నెలు తోమే సబ్బు, రెండు చుక్కలు.
నా పాత పళ్ళ బ్రష్షు, అడక్కుండానే.

నీళ్ళ మీద ఏదో తేలింది.
ఇంద్రధనుస్సు అంటే దానికి మరీ ఎక్కువ,
రంగు మార్చుకుంటున్న ఒక పలచని పొర.
"చూశావా" అన్నాడు,
పందెం ఎవరితో కాశాడో మరి.

మర చుట్లలో బ్రష్షు తిప్పుతుంటే
వెంట్రుక కన్నా సన్నని లోహపు చుట్ట ఒకటి
రాలి, సింకు అంచున మెరిసింది.
చాలాసేపు చూశాడు దాన్ని.
"పనిముట్టు మొద్దుబారింది. మార్చుకోనివ్వలేదు వాణ్ణి.
షిఫ్టు చివర్లో అయ్యుంటుంది."
పెట్టె మీద షెన్‌జెన్ అని ఉంది.
"వాడే ఎందుకవ్వాలి, ఆమె కావచ్చుగా" అన్నాను.
"కావచ్చు. జుట్టు ముడేసుకోమను" అన్నాడు
అక్కడికి వినిపించేలాగే.
ఆ చుట్టని వేలి కొసకి అద్దుకుని
కడిగి బోర్లించిన బూడిదగిన్నెని వెల్లకిల తిప్పి, అందులో వేశాడు.
చప్పుడు కూడా కాలేదు.

కడగడానికి పావుగంట.
ఆరడానికి రాత్రంతా.
ఈ సంగతి ఆ కుర్రాడు చెప్పలేదు, ఏ కాగితం మీదా లేదు.
పొగాకు డబ్బా అలమారలో పై అరన ఉంది.
నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.
జుట్టు ఆరబెట్టే మిషను తెస్తే
"రబ్బరు పాడవుతుంది" అని కసిరాడు.
కసురుతూనే ఉన్నాడు, వేళ్ళు మాత్రం టేబుల్ మీద
లేని కాగితాన్ని చుడుతున్నాయి,
చుట్టి, అంచు తడిపి, మళ్ళీ విప్పుతున్నాయి.

మూడింటికి వంటింట్లో లైటు.
మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతిలో టార్చి.
"నాలుగే ఉన్నాయి."
కుక్క నోరు తెరిపించి చూశాడు.
సింకు కింద గొట్టం వంపు విప్పడానికి
స్పానర్ తెమ్మన్నాడు.
స్పానర్ అందిస్తుంటే కనబడింది
నా చిటికెన వేలు.
తుడుస్తూ తుడుస్తూ ఎప్పుడు తొడుక్కున్నానో.

తిట్టలేదు.
వేలికి సబ్బు రాసి, అటూ ఇటూ తిప్పుతూ
మర విప్పినట్టు లాగాడు.
లాగి, మళ్ళీ కడిగాడు.
నా చెయ్యి తగిలింది కదా.

గుడ్డ మీద ఐదూ పేర్చి
గాజు గొట్టం కిటికీ కేసి ఎత్తి పట్టాడు.
బయట ఇంకా చీకటే, వీధి దీపమొక్కటే ఉంది చూడ్డానికి.
"లోపల ఒక చుక్క ఉండిపోయింది" అన్నాడు.
టీకి నీళ్ళు పెట్టాను.