రెండు గంటలకొకసారి

రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాం.
బయట మైనస్ ఇరవై రెండు. లాయంలో ఒకటే బల్బు.
హల్లా ముక్కులోంచి గొట్టం దించుతూ
డాక్టర్ రీత్వా బతిమాలింది: "మింగు తల్లీ, మింగు."
గరాటు నేను పైకెత్తి పట్టుకున్నాను,
మందునీళ్లు తొణక్కుండా.

మొన్న బేస్తవారం కయాని పందెంలో
చివరి మలుపు దగ్గర బండి ఒక్కసారిగా బరువెక్కింది.
నేను కొరడా తీయలేదు. పగ్గాల్లోంచే తెలిసింది,
ఈ కాళ్లు పిలుస్తుంటే లోపల పలికేవాళ్లు లేరని.

మనిషి గుండె గుప్పెడంటారు. దీనిది చిన్న బిందెడు.
స్టెతస్కోపు నా చెవులకి తగిలించి వినమంది రీత్వా.
దబ్. దబ్దబ్. చాలాసేపు ఏమీ లేదు.
దబ్.
మూతి విప్పిన బస్తాలోంచి మెట్ల మీదికి
బంగాళాదుంపలు దొర్లినట్టు.
తాళం తప్పడం కాదిది.
తప్పడానికి అసలు తాళమే లేదు.

పదకొండు. ఒంటిగంట.
ప్రతి మోతాదుకీ ముందు ఈసీజీ కాగితం చాపి
స్కేలు పెట్టి గీత వెడల్పు కొలుస్తుంది.
వెడల్పైతే ఆపేయాలట.
ఈ మందు మేలుకీ కీడుకీ మధ్య
నాలుగైదు చిన్న గళ్లు.

మూడింటికి ముక్కు వాచింది, ఊపిరిలో సన్నటి ఈల.
ఇక చాలన్నాను.
ఆమె చిగుళ్లు నొక్కి చూసింది, కాగితం చూసింది,
నావైపు చూడలేదు. గరాటు ఎత్తమంది.

నాలుగూ నలభైకి
చప్పుడేమీ కాలేదు, కాగితమే చెప్పింది:
వణుకుతున్న గీత సద్దుమణిగి
చిన్న గుట్ట, నిటారు శిఖరం, పల్లం,
మళ్లీ చిన్న గుట్ట.
నిమిషానికి ముప్పై ఆరు.

లెక్కపెడుతూనే ఉన్నాను. ఒక దబ్ రాలేదు.
స్టెతస్కోపు ఇంకా గట్టిగా అదిమాను.
రీత్వా నవ్వింది, ఆ రాత్రికి మొదటిసారి.
"అది రోగం కాదు. నింపాదిగా ఉన్న గుర్రం
అప్పుడప్పుడూ ఒకటి ఎగ్గొడుతుంది.
పొద్దెక్కాక నడిపించి చూడు."

పొద్దెక్కాక, అంటే ఇక్కడ తొమ్మిదిన్నర దాటాక,
లాయం నడవాలో అటూ ఇటూ నడిపించాను.
ఎగ్గొట్టడం మానేసింది.

ఎన్నాళ్లో చెప్పలేనంది. మళ్లీ రావచ్చంది.
ఆరు వారాలు బండి కట్టొద్దంది.
బిల్లు తర్వాత పంపుతానంది, కారు స్టార్టవక
రెండుసార్లు తిట్టుకుని వెళ్లింది.

గరాటు కడిగి మేకుకి తగిలించి వస్తే
హల్లా నా జేబులో రొట్టెముక్క వెతుకుతోంది,
ఆ వాచిన ముక్కుతోనే.