సైడు వింగులో టార్చిలైటు

మాలకొండయ్యా,
నువ్వు పద్యం మరిచిపోయింది మూడంటే మూడుసార్లు.
మిగతావన్నీ కావాలని ఆగినవి.
ఈ తేడా కనిపెట్టేసరికి నాకు పదకొండేళ్లు పట్టింది.

పగలు రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పంచలో
దస్తావేజులు రాసేవాణ్ణి.
తూర్పు చెక్కుబందీ, పడమర చెక్కుబందీ,
ఎవరి మాగాణో నా చేతిరాతలో చేతులు మారేది.
రాత్రి నీ వెనకాల, తెర పక్కన,
గుడ్డ చుట్టిన టార్చిలైటుతో నోటుబుక్కు పట్టుకుని.
జనానికి నేను కనపడకూడదు.
నీకు నేను వినపడకూడదు, అవసరం పడితే తప్ప.

నువ్వు పొగాకు బ్యారన్‌లో పొయ్యి కాసేవాడివి.
పైకెక్కి ఆకు కర్రలు అందుకుంటా రాగం తీస్తే
కింద ఆకు కట్టే ఆడోళ్లు చేతులాపేసేవాళ్లంట.
రైతు వొచ్చి తిట్టి, తనూ కాసేపు నిలబడి విని,
మళ్లీ తిట్టేవాడంట.

పామూరులో ఆ రాత్రి
పెట్రోమాక్స్ లైటు బుస్సుమంటోంది.
ఓడిపోయిన రాజువి. కిరీటం తీసి కింద పెట్టావు.
"ఓరీ" అన్నావు. ఆగిపోయావు.
నాకు గుండె జారి తర్వాతి మాట అందించా.
నువ్వు ఎడమచెయ్యి వెనక్కి పెట్టి
ఒక్క వేలు కదిలించావు, ఈగని తోలినట్టు.
ఊళ్లకూళ్లు ఊపిరి బిగబట్టాయి.
పల్లీలమ్మే పిల్లోడు పొట్లం చుట్టడం ఆపాడు.
అప్పుడెత్తుకున్నావు.

వన్స్ మోర్లు, ఈలలు, ఓ శెట్టిగారి నూటపదార్లు.
తెల్లారి ఇడ్లీలు తింటా నన్ను కడిగేశావు:
"మాట ఎవురైనా అందిస్తారబ్బయ్యా,
సందు అందియ్యగలవా?"

సింగరాయకొండలో మద్రాసు మెయిలెక్కించింది నేనే.
ఆర్నెల్లకో కార్డు.
"గుర్రబ్బండి తోలాను, మొహం కనపళ్లేదు" అని ఒకటి.
"శవం వేషం, ఎండలో బో కష్టం" అని ఇంకోటి.
ఎనిమిదో ఏడు మునసబు వేషం, నాలుగు డైలాగులు.
బస్సు కట్టించుకుని ఒంగోలు పోయాం మొదటాటకు.
తెర మీద నీ మీసం, నీ భుజం, నీ నడక.
నోరు తెరిచావు.

ఎవుడిదో గొంతు.
ఉతికి గంజి పెట్టిన గొంతు.
దానికి బ్యారన్ పొగ తెలీదు.
సందెక్కడుంచావో నీ పెదాలు చెబుతూనే ఉన్నాయి,
ఆ గొంతు దాన్ని పూడ్చుకుంటా పోయింది.
నాకు తెలీకుండానే బెంచీలోంచి అందియ్యడం మొదలుపెట్టా.
ముందు వరసలోవాడు వెనక్కి తిరిగి
"పెద్దాయనా, బొమ్మకి వినపడదు" అన్నాడు.
నిజమే కదా.

టైటిల్లో నీ పేరు మల్లికొండయ్య అని పడింది.
అది నవ్వుతా చెప్పేవాడివి.
నవ్వకుండా చెప్పింది టీవీ సంగతి.
సీరియల్లో హీరోయిన్‌కి నాన్నవి, చచ్చిపోయిన నాన్నవి.
ఒక్క ఫోటో తీసుకుని, దండేసి గోడకు తగిలించారు.
మూడేళ్లు రోజూ రాత్రి ఏడున్నరకు కనపడ్డావు,
ఒక్కరోజు కూలి ఇచ్చారు.
పెంచలమ్మ వదిన ఆ టయానికి టీవీ కట్టేసి
వాకిట్లోకి పోయి కూచునేది.

పక్షవాతం నిన్ను కందుకూరికి తెచ్చి పడేసింది.
కుడిపక్క పోయింది, మాట పోయిందన్నాడు డాక్టరు.
సాయంత్రాలు నీ తలాపున కూచుంటా.
నోటుబుక్కు అక్కర్లేదు, అంతా కంఠతా వొచ్చు.
అయినా నాకూ చూపు ఆనదిప్పుడు.

ఇయ్యాళ కరెంటు పోతే అలవాటు కొద్దీ టార్చి వేశా.
నీ పెదాలు "ఓరీ" అన్నాయి.
ఆగాయి.
మాట నా నాలిక చివర సిద్ధంగా ఉంది.
దుప్పటి మీద నీ ఎడమచేతి వేలు కదిలిందో,
నా చేతిలో టార్చే వణికిందో.

వదిన అన్నానికి రెండుసార్లు పిలిచింది.
కరెంటు కూడా వొచ్చేసింది.
నేనింకా అందియ్యలేదు.