గాలి తీసేకాడ

తారు ఒడిసేకాడ ఒక కల్వర్టు.
దాని గోడ మీద సున్నంతోని ఎవరో రాసిన
"మంజూరు" అన్న మాట సగం రాలింది.
రోజూ ఆడ్నే ఆగి
రెండు టైర్ల గాలి కొంచెం తీస్తా.
సుయ్యిమని పోతది,
పంచాయితీ తెగినంక పెద్దమనిషి
తువ్వాల దులుపుకొని లేసినట్టు.

ఈ బండిని మా దిక్కు మిడత అంటరు.
ముందటి మడ్‌గార్డు టైరుకు జానెడు మీద,
సీటు నా నడుమెత్తు.
దేవరకొండల పాతది కొనుక్కొచ్చిన్నాడు చిన్నాయిన
చుట్టు తిరిగి చూసి అడిగిండు:
"దీని మీద పెండ్లాం గూసుంటదా, బియ్యం బస్తా గూసుంటదా?"
రెండూ గూసోవు.
నత్రజని క్యాను గూసుంటది,
వెనక క్యారియర్ మీద, పాత ట్యూబు రబ్బరు మూడు చుట్లు.
లోపల ముర్రా దున్నల రేపటి సంతానం
గడ్డిపరకంత గొట్టాలల్ల గడ్డకట్టి
ఏ గుంత తెల్వకుంట పండుకుంటది.
నా పేరు ఈరోజి. ఎవ్వరు పిలువరు.
సూదాయన అంటరు.

పొద్దుగాల నాలుగున్నరకు ఫోను.
రమావత్ చాందీ.
"రాత్రి సంది ఒర్రుతాంది, తీగె ఏస్తాంది, జెప్పన రా."
ఎదకొచ్చిన బర్రె రోడ్డు కోసం ఆగదు.
తారు మీద చుట్టు తిరిగితే ముప్పై నాలుగు కిలోమీటర్లు,
వాగుకు అడ్డంబడి పోతే పదకొండు.

గాలి తీసిన.
ఫుట్‌రెస్టుల మీద లేసి నిలబడ్డ.
కూసుంటే గుంత నిన్ను కొడతది,
నిలబడితే కిందికెల్లి పోతది.
ఇది ఎవ్వరు నేర్పలే, నడుమే నేర్సుకున్నది.
చెల్క ఎర్రమన్ను రాత్రి వానకు మెత్తవడ్డది,
మొరం మాత్రం వానొచ్చిన సంగతే ఇనలే.
పత్తిచేన్ల మందు కొట్టేటాయన చెయ్యెత్తిండు,
నేను ఎత్తలే.
ఇడిస్తే బండి తన తొవ్వ తాను చూస్కుంటది.
ఒక నెమలి అటిటు చూసి
బడికి పోయే పిల్లలెక్క దాటింది.

వాగుల నీళ్ళు మోకాలంత.
ఇసుక అనుకున్న. నాపరాయి, పాచి పట్టిన నాపరాయి.
ముందటి టైరు ఎడమకు, నేను కుడికి.
పడుకుంట పడుకుంటనే చెయ్యి ఎనుకకు పోయింది, క్యాను మీదికి.
తల మీదికి పోవాల్సిన చెయ్యి అది.
మూతకాడ రవ్వంత తెల్లపొగ లేసి
నీళ్ళ మీద పాకి ఆగింది.
ఎనిమిదో కిక్కుకు బండి దగ్గింది.

చాందీ నన్ను చూడలే, క్యాను చూసింది.
"సల్లదనం ఉన్నదా?"
"ఉన్నది."
అప్పుడు నా మోకాలు చూసి,
"బండి వడ్డదా, నువ్వు వడ్డవా?"
"ఇద్దరం."
పసుపు డబ్బ తెచ్చి గడప మీద వెట్టింది.
ముందుగాల బర్రెకాడికే పోయినం.
నిలిచిందో లేదో మూడు నెలలు పోతేగాని తెల్వదు.

ఆదివారం ఖాజా మియా టైరు ఇప్పిండు.
చెయ్యి చూసి జాతకం చెప్పేటోని లెక్క
నడిమిట్ల అరిగిన బుడిపెలు తడిమి
"ఇవి తారు నాకింది," అన్నడు,
అంచులకు పోయి, "ఇవి రాళ్ళు కొరికినయి."
"రోడ్డు టైరు ఏస్తే వాగుల సస్తవ్,
మట్టి టైరు ఏస్తే తారు మీద ఒడుస్తది.
నడిమిదే ఎయ్యాలె.
రెంటికి చెడ్డ రేవడి అంటరు గదా,
అదే రెండు దిక్కుల బతుకుతది భాయ్."
ఆ మాటకు పైసల్ తీసుకోలే,
టైరుకు మూడువేల ఆరొందలు.

వాపస్ వచ్చేటప్పుడు అదే కల్వర్టు.
కాలిపంపు తీసి
ఒక్కో టైరుకు తొంభై దెబ్బలు.
అరవై కాడ లెక్క తప్పుతది, ఎప్పుడైనా.
గొర్లాయననో, మిర్చిబజ్జీ బండాయననో
ఆగి అడుగుతడు, మిడతకు ఏమైందని.
ఏం గాలే అంట.
చెమట తుడ్సుకొని
మళ్ళ ఒకటికెల్లి మొదలువెడత.