అడుగుకొక దెబ్బ

మా దీవి పేరుకి మా భాషలో పువ్వులని అర్థం.
రోడ్డు పొడవునా నీలి హైడ్రాంజియా కంచెలు,
వాటి వెనక నల్లరాతి గోడలు, ఆవులు,
ఆ వెనక అంతా అట్లాంటిక్.
ఇంత చిన్న ఊళ్ళో ఎవరు పోతున్నారో
కిటికీ తెరవకుండా, అడుగుల చప్పుడుతోనే పోల్చుకుంటాం.

ఇదలీనా నడక,
ఒక కాలు నేలని ఏదో అడిగి
రెండో కాలు జవాబు కోసం ఆగినట్టుంటుంది.

వాళ్ళ నాన్నదీ అదే నడక.
తిమింగలాల వేటకి పోయిన తాతదీ అదేనట.
ఓడ దిగాడు గానీ సముద్రం ఒంట్లోంచి దిగలేదని నవ్వేవాళ్ళు.
నవ్వినవాళ్ళలో మా నాన్న ఉన్నాడు.
తర్వాత ఆయన భార్యకి, అంటే మా అమ్మకి,
నలభై రెండో ఏట
గ్లాసు అంచు పెదాలకి దొరకడం మానేసింది.

చుక్క ముట్టని ఉర్బానుని, ఇదలీనా అన్నని,
తాగుబోతని పోలీసులు జీపెక్కించిన రోజుంది.
వదిలేసిన రాత్రి ఆయన నిజంగానే తాగాడు,
ఎలాగూ పేరొచ్చింది కదా అని.

డాక్టర్లు జబ్బుకి మనుషుల ఇంటిపేర్లే తగిలించారు.
ఇంటిపేరున్నాక పంపకాలుంటాయి.
పుట్టిన ప్రతి బిడ్డకీ
బొమ్మా, బొరుసా.
మా అక్క లియొనీల్ద్ రక్తమిచ్చి తెలుసుకుంది.
నాకు చెప్పలేదు. నేను అడగలేదు.
ఆ ఏడే వంటింటి గోడకి
పట్టుకోడానికి గుండ్రటి కర్ర బిగించుకుంది.
"ముసలితనానికి," అంది.
అప్పటికి దానికి ముప్పై ఆరేళ్ళు.

నేనింకా ఇవ్వలేదు.
బ్యాండులో పెద్ద డోలు వాయిస్తాను.
చేతులు చెప్పిన మాట వింటున్నాయని
పండగ పండగకీ ఊరందరి ముందూ రుజువు చూపించుకుంటాను.

పరిశుద్ధాత్మ పండగ. కిరీటం మోసే చీటీ
ఈసారి ఇదలీనాకి పడింది.
నా బదులు ఇంకెవరినైనా పంపనా అంటుందనుకున్నారు.
అనలేదు.
చక్రాల కుర్చీ తెప్పిస్తానన్నాడు ఫాదర్.
"అది వచ్చే ఏడుకి," అంది.

వెండి పళ్ళెం, దానిమీద వెండి కిరీటం,
దాని కొసన బఠాణీ అంత పావురం.

పదడుగులకే బ్యాండు ముందుకెళ్ళిపోయింది.
ఆమె వెనక.
మధ్యలో ఖాళీ రోడ్డు.
ఎత్తిన కర్రని దించలేకపోయాను.
ఆమె పాదం నేలకి ఆనాక దించాను.
ఢం.
ఆగాను.
ఆమె ఆలోచిస్తోంది. ఆమె మోకాలు ఆలోచిస్తోంది.
ఢం.

బ్యాండు మాస్టర్ బెలర్మీను తిరిగి కళ్ళెర్రజేశాడు.
ఎందుకెర్రజేశాడో మర్చిపోయినట్టు కాసేపు నిలబడ్డాడు.
తర్వాత తనూ ఆమె కాళ్ళకేసే చూస్తూ చెయ్యి ఊపాడు.
క్లారినెట్ పిల్లలకి ఊపిరి చాల్లేదు,
ఒక్క స్వరాన్ని సాగదీసి సాగదీసి
నవ్వొచ్చి ఆపి, మళ్ళీ అందుకున్నారు.

పక్కన ఆమె భర్త ఎర్మీనియు,
మోచేతికి జానెడు దూరంలో అతని చెయ్యి.
తాకలేదు. దారంతా తాకలేదు.
ఏమీ చెయ్యకుండా ఉండటానికి
అంత కష్టపడిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు.

పన్నెండు నిమిషాల దారి గంటంపావు పట్టింది.
గోడ మీంచి చూసే ఆవులు కూడా విసుగెత్తి వెళ్ళిపోయాయి.
మాంసం పులుసు చల్లారి, మళ్ళీ పొయ్యి ఎగదోశారు.
గుడి గడప దగ్గర పావురం గట్టిగా ఊగింది.
పడలేదు.
పడితే మాత్రం ఏం, ఎత్తి పెట్టేవాళ్ళం.

బల్లల దగ్గర నా ఎదురుగా కూచుంది ఇదలీనా.
ఆమె మాట ముద్దగా వస్తుంది, వంగి వినాలి.
"ఒక్కచోట తొందరపడ్డావు," అంది.
"వంతెన దగ్గర."

అవును. వంతెన దగ్గర
నా చెయ్యి నన్నడక్కుండా దిగింది.

ఆమె ఆ చేతికేసి చాలాసేపు చూసింది.
తర్వాత తన తీపిరొట్టె విరిచి,
కొంత బల్ల మీదా కొంత ఒళ్ళోనూ రాలుతుండగా,
మిగిలింది నా వైపు తోసింది.